తడిసిన గొర్రె తుప్పు పడుతుందా

ఆయన పోయిన పొద్దున మా ఊళ్లో అందరి నోటా ముందుగా వచ్చిన మాట ‘అయ్యో’ కాదు. ‘మరి బండి ఎవరు నడపాలె?’ అన్నది. వింటుంటే నాకు ఒళ్లు మండింది. మనిషి ఇంకా ఇంటి ముందర చాప మీదే ఉన్నాడు, అప్పుడే బండి సంగతి ఎందుకు? మండింది గానీ నిజం చెప్పొద్దూ, నా మనసులో తిరుగుతున్నదీ అదే. ఊరి శవాల బండిని ఆయన తప్ప ఇంకొకరు నడపగా ఎవరూ చూడలేదు. ఆ సీట్లో కూర్చునే ధైర్యం ఎవరికీ లేదు. అందరినీ సాగనంపిన మనిషిని ఇప్పుడు ఎవరు తీసుకుపోవాలి?

శవాల బండి అంటే ఆయనకు కోపం. “పోయేటోళ్ల బండి అను సెల్లె. శవం ఎక్కుతదా? ఎక్కేది మనిషే” అనేవాడు.

ఇబ్రహీంపట్నంలో చెరువు కట్టకు తిరిగే దారిలో మాకు వాషింగ్ సెంటర్ ఉంది. నా మొగుడు లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. బండ్లను ర్యాంపు మీదికి ఎక్కించేది, దింపేది, పనివాళ్ల మీద అరిచేది, గిరాకీతో కొట్లాడేది అన్నీ నేనే. నోరు లేకపోతే ఈ పని నడవదు. నా దగ్గర నోటికి కరువు లేదు.

శవాల బండి ఆయన్ని మొదటిసారి చూసింది అక్కడే, ఒక ఆదివారం. కార్లు వరుసగా నిలబడి ఉన్నాయి. ఆ వరుస చివర వచ్చి ఆగింది తెల్ల రంగు బండి. దాన్ని చూడగానే అందరి మాటలు ఆగిపోయాయి. దిగిన మనిషి పొడుగు, బక్క పలుచన. మెడలో తువ్వాల, చేతులు వెనక్కి కట్టుకుని ఉన్నాడు. ఎవరి కారుకూ ఒళ్లు తగలకుండా పక్కకు జరుగుతూ నా దాకా వచ్చాడు.

“నా బండి కడుగుతవా సెల్లె? ఎవ్వరు కడుగుతలేరు. కందుకూరు దాక పోయొచ్చిన” అన్నాడు.

నేను నోరు తెరిచే లోపే మీర్‌పేట్ నుంచి ప్లాటు చూసుకోవడానికి వచ్చిన కొత్త కారాయన లేచాడు. “ఏందక్కా గిది? శవాల బండి కడిగిన కాడ నా కారు కడుగుతవా? మొన్ననే పూజ జేయించిన.”

“జర ఆగన్నా” అని కారాయనకు చెప్పి, ఈయన వైపు తిరిగి గొంతు తగ్గించాను. “ఇయ్యాల ఆదివారం, సూస్తున్నవ్ గదా. పొద్దుగూకినంక రా. అందరు పోయినంక కడుగుత.”

“సాటుకెందుకు సెల్లె?” ఆయన గొంతు తగ్గించలేదు. “నేను మనుషులను దొంగతనంగ తీస్కపోతున్ననా? పట్టపగలే తీస్కపోత. పట్టపగలే కడుగుత.”

కారాయన తాళాలు చేతిలో ఆడించడం మొదలుపెట్టాడు. వరుసలో ఉన్న ఇంకొందరు నా ముఖం వైపే చూస్తున్నారు. ఆదివారం గిరాకీ పోతే మాకు ఆ వారమంతా కష్టమే. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు నాకు. అప్పుడు ఆయన తన బండి వెనక తలుపు తెరిచి, మూలలో కుళ్లిన బంతిపూల ముద్దను తీసి అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు. దాని కింద రేకు ఎర్రగా పొరలు లేచింది.

“వారం కింద పోయినామె మెడలయి ఈ పూలు. ఐస్ కరిగిన నీళ్లు, అండ్ల కలిపిన ఉప్పు, ఈ పూల తడి, మూడు గల్సి ఇనుమును తింటయి. గిట్లనే ఇడిస్తె ఒకనాడు ఎన్క పండుకున్నోడు రోడ్డు మీద పడ్తడు.” కారాయన వైపు తిరిగాడు. “ఆ పండుకునేటోడు ఎవ్వడో నీకు తెల్వది, నాకు తెల్వది.”

కారాయన కారెక్కి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు కదలలేదు. “ఎక్కించన్నా బండి” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

కడగడం అయ్యాక మా అత్త చెంబుతో పసుపు నీళ్లు తెచ్చి ర్యాంపంతా చల్లింది, మైల పోవాలని. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఆయన మాత్రం ఏమీ అనుకోలేదు. “నా బండి మీద గూడ రెండు సుక్కలు జల్లవ్వా. దిష్టి తీసుడు మాత్రం వద్దు, ఉప్పు పడ్తది” అన్నాడు. మా అత్త ‘నీ బండి మీద నేనెందుకు జల్లుత’ అన్నట్టు మూతి తిప్పుకుని లోపలికి పోయింది.

రేకు ఎండేదాకా ఆయన కదలలేదు. తడి మీద పూత కొడితే తడిని లోపల పెట్టి మూత వేసినట్టే అనేవాడు. బాగా ఎండాక సీటు కింద నుంచి ఒక డబ్బా తీసి, వేడినీళ్ల బకెట్లో కాసేపు పెట్టి, మా కంప్రెషర్ పైపు అడిగాడు. మూత తీయగానే వాసన గుప్పున కొట్టింది. వానలో తడిసిన గొర్రెల మంద మా సెంటర్లోకి వచ్చి పడుకున్నట్టే ఉంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

“ఏం మందన్నా ఇది?”

“మందు గాదు. గొర్రె బొచ్చుకుండే జిడ్డు. డబ్బ మీద లానోలిన్ అని రాసిండ్రట. పట్నంల కోత మిషన్ల సామాను అమ్మే దుకాణంల నిలబడ్డ. అక్కడోడు మూత తియ్యంగనే మా అయ్య గొర్లు యాదికొచ్చినయి. మేం పుట్టుకతోని గొర్లు కాసినోళ్లం. గా వాసన నాకు చెప్పాల్నా?” ఛాతీ విరిచాడు. “నువ్వే చెప్పు సెల్లె, తడిసిన గొర్రె తుప్పు పట్టంగ ఎన్నడన్న సూసినవా?”

“గొర్రెకు ఇనుమెక్కడిదన్నా?”

“నువ్వు లాయరు గావాల్సింది” అని బండి కిందికి దూరాడు.

అప్పటినుంచి వానలకు ముందొకసారి, వానలు పోయాక ఒకసారి మా ర్యాంపు మీదే ఆ పని. చక్రాల దగ్గర బ్రేకులకు యూరియా సంచులు చుట్టి తాడుతో కట్టేవాడు. పనివాడెవడైనా వదులుగా కడితే వాడి ఏడు తరాలనూ తిట్టేవాడు. “బ్రేకుకు జిడ్డంటిందనుకో, ఎన్కున్నోనితోని ముందటున్నోడు గూడ పోతడు” అనేవాడు. తర్వాత సన్నటి పైపు చట్రం బొక్కల్లోకి దూర్చి, లోపల మూలమూలకూ కొట్టేవాడు. పని కాగానే మెటికతో రేకు మీద తట్టి చెవి పెట్టి వినేవాడు, సంతలో కుండ కొనేటప్పుడు చూసినట్టు. మా ఇంటి గేటును తట్టేవాడు, నీళ్ల ట్యాంకరును తట్టేవాడు, చాయ్ ఇచ్చిన స్టీలు గ్లాసును కూడా తట్టి చూసేవాడు. అలవాటు అంత ముదిరింది.

ఒళ్లంతా ఎండిన కట్టెలా ఉన్న మనిషికి చేతులు మాత్రం పసిపిల్లల చేతుల్లా మెత్తగా ఉండేవి. ఆ జిడ్డు మహిమ అది. మిగిలింది మడమల పగుళ్లకు రాసుకునేవాడు. వాళ్లావిడ, నేను వదినె అని పిలిచేదాన్ని, “నేను బోళ్లు తోమి సస్తున్న. ఈయన చేతులు సూడు, దొరసాని చేతులు” అని ఎక్కిరించేది. ఆయన బండి పోతుంటే కుక్కలు వెంటపడేవి. ఏడుస్తూ కూర్చున్న చుట్టాలు ముక్కు మూసుకునేవారు. “సచ్చిన వాసన పోయి బతికిన గొర్రె వాసనొస్తే సంతోషపడాలె గాని” అని ఆయన గులిగేవాడు. గొప్పలు తక్కువేం కాదు. లోకంలో తుప్పు గురించి తెలిసింది తనొక్కడికే అన్నట్టు మాట్లాడేవాడు. చాలాసార్లు నాకు చిరాకేసేది.

ఒక్కరోజు మాత్రం ఆ గొప్ప మాటలు లేవు. రేకు ఎండేదాకా ఆగుతూ బండి నీడలో కూర్చున్నాడు. దీని మీద ఇంత పిచ్చేందన్నా అని నేనే అడిగాను.

“ఇంతకు ముందల ఒక పాత బండి ఉండె. వానకాలం. ముసలాయనను తీస్కపోతున్న. కట్ట మీద బండి గుంతల పడ్డది. ఎన్క ధన్‌మని సప్పుడైంది. ఆయన కొడుకు ఆపు ఆపు అని మొత్తుకున్నడు. దిగి సూస్తె రేకు ఇరిగింది. ముసలాయన కాలు కిందికి దిగి రోడ్డుకు తాకుతున్నది.” ఆయన వేళ్లు పక్కనున్న టైరు రేకును తడుతూనే ఉన్నాయి. “కొడుకు నన్ను ఒక్క మాటనలే సెల్లె. కొట్టినా బాగుండు. ఇద్దరం గల్సి ఆ కాలు మీదికి తీసి పట్టుకున్నం. పానం పోయినంక గూడ ఒక మనిషి నా బండిలకెంచి పడ్డడు.”

లేచి పోయి చాయ్ పెట్టుకొచ్చాను.

మా దగ్గర దింపుడు కల్లం ఆచారం ఉంది. వైకుంఠధామానికి పోయే దారి మధ్యలో పాడెను కిందికి దింపి, దగ్గరివాళ్లు చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉంటే ఆ పిలుపుకు లేస్తారని ఆశ. అక్కడ ఆయన ఇంజన్ బంద్ చేసేవాడు. చెప్పులు విడిచి దిగి, డప్పులవాళ్లను ఆపమని చేయి చూపి, పోయినవాళ్ల ముఖం వైపే చూస్తూ నిలబడేవాడు. “ఇన్నేండ్ల సంది సూస్తున్న. ఒక్కలన్న లేస్తరేమో అని” అన్నాడొకసారి. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

కిందటేడు కమిటీకి ఆ వాసన మీద ఫిర్యాదు పోయింది. బండి ఊరి కమిటీది. కమిటీ పెద్ద మంచివాడే గానీ చెప్పుడు మాటలు తొందరగా వింటాడు. ఈ బండి కూడా పాతదైంది, పాతసామాను కింద అమ్మేసి, అవసరమైనప్పుడు పట్నం నుంచి పిలిపించుకుందాం అన్నాడు. ఆ మాట ఆయన చెవిన పడ్డ రోజు సాయంత్రం కమిటీవాళ్లంతా మా సెంటర్ దగ్గరే చేరారు. ఆయన ముఖం నల్లగా మాడిపోయింది.

“నా బండికి యాడ తుప్పుందో సూపెట్టు” అన్నాడు కమిటీ పెద్దతో. “సుత్తె తెప్పియ్యి. ర్యాంపు మీదికి ఎక్కిస్త, కిందికెంచి కొట్టియ్యి. యాడ బొక్క పడ్డా నేనే తీస్కపోయి పాతసామానోనికి అప్పజెప్త. పడకుంటె మల్ల ఎవ్వడు మాట్లాడొద్దు.”

“మాటంటె మాటే?”

“మాటే.”

పాత బండి, ఎంత జిడ్డు పూసినా ఇనుమే కదా. “అన్నా, నీకు పిచ్చి లేసిందా?” అని చేయి పట్టుకుని లాగాను. విదిలించుకుని బండిని తనే ఎక్కించాడు. వెల్డింగ్ మిస్త్రీ సుత్తె, ఉలి పట్టుకుని కిందికి దిగాడు. జనం ర్యాంపు చుట్టూ మూగారు.

వెనక నుంచి మొదలుపెట్టాడు మిస్త్రీ. దెబ్బ పడుతుంటే ఖణ్ మని మోగుతోంది. ప్రతి దెబ్బకూ ఆయన రెప్పలు కొట్టుకుంటున్నాయి. ఐస్ నీళ్లు కారే మూల వచ్చింది. అక్కడ మిస్త్రీ ఉలి ఆనించి గట్టిగా కొట్టాడు. ఖణ్. పాడె పెట్టే చోటు, ఖణ్. చక్రాల పైన, తలుపు కింద, అంతా అదే మోత. జిడ్డు గీసుకుపోయిన చోట ఇనుము తెల్లగా మెరిసింది. ఆయన భుజాలు నెమ్మదిగా దిగడం చూశాను. అయిపోయిందనుకున్నాం.

“ముందట గూడ కొట్టు” అన్నాడు కమిటీ పెద్ద.

డ్రైవర్ సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోటు కింద మిస్త్రీ కొట్టాడు. మోగలేదు. బిస్కెట్ విరిగినంత సులువుగా ఉలి లోపలికి దిగిపోయింది. చెయ్యి పట్టేంత రేకు ఊడి కింద పడింది. ఆ బొక్కలో నుంచి పైన పరిచిన గోనెపట్ట కనిపించింది.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. “గిదేందన్నా? ఎన్కంత సక్కగ చేసినోనివి, నీ కాళ్ల కింద ఎందుకు కొట్టలే?”

“జిడ్డుంటె చెప్పు జారుతది సెల్లె, బ్రేక్ మీద కాలాగదు. గందుకే గోనెపట్ట ఏసుకున్న.”

“గోనెపట్ట తడిస్తె ఇనుమును తినదా? బంతిపూల సంగతి నాకు చెప్పినవ్, నీ గోనెపట్ట సంగతి నీకు తెల్వదా?”

“తెల్వకేం. సూస్కోలే” అన్నాడు. అంత గొప్పలు చెప్పే మనిషి తల దించుకోవడం ఆ ఒక్కసారే చూశాను.

“మాటంటె మాటే గదా” అన్నాడు కమిటీ పెద్ద, నెమ్మదిగానే.

ఆయన తాళాలు జేబులో నుంచి తీశాడు. తీసి, కింద పడ్డ రేకు ముక్క వైపు చూశాడు. “తీస్కపోత. ఆడిన మాట తప్ప. గాని ఒక్కటి. బొక్క పడ్డది నేను కూసునే కాడ. ఆడికెంచి పడ్తె బతికున్నోడు పడ్తడు. వాడు లేస్తడు. ఎన్కకెంచి పడేటోడు లెవ్వడు.”

కమిటీ పెద్ద తనే ర్యాంపు కిందికి వంగి, సుత్తె తీసుకుని, వెనక రేకును మళ్లీ కొట్టాడు. చేతికి అంటిన జిడ్డు వాసన చూసుకున్నాడు. పైకి వచ్చి మిస్త్రీతో, “గా ముందట మంచి రేకు అతికియ్యి” అని వెళ్లిపోయాడు. వెల్డింగ్ నిప్పురవ్వలకు జిడ్డు అంటుకుంటుందని, బొక్క చుట్టూ గీకి తుడిచే పని ఆయన ఎవరికీ ఇవ్వలేదు. చీకటి పడేదాకా తుడుస్తూనే ఉన్నాడు.

ఇదంతా అయిన ఏడాదికి, ఒక పొద్దున చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగాడట. అంతే.

కమిటీ పెద్ద పట్నం బండికి ఫోన్ చేస్తానన్నాడు. చాప దగ్గర కూర్చున్న వదినె తలెత్తింది. “ఆయన పట్నం బండ్ల పోడు. తన బండ్లనే పోతడు” అంది. మగవాళ్లంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. లారీలు నడిపేవాళ్లు, ట్రాక్టర్లు నడిపేవాళ్లు ఉన్నారు అందులో. ఒక్కరూ కదలలేదు.

“నేను నడుపుత” అన్నాను.

“ఆడిమనిషి దింపుడు కల్లం దాక వస్తది. ఆడికెంచి ముందటికెట్ల పోతది?” అన్నాడు కమిటీ పెద్ద.

“ఊళ్లె బండ్లన్ని ఎక్కించి దింపుతున్న. గీ బండి నాకు కొత్తనా? నీకు ధైర్యముంటె నువ్వు నడుపు, నేను ఎన్క కూసుంట.” వదినె కొంగు ముడి విప్పి తాళాలు నా చేతిలో పెట్టింది. ఇంక ఎవరూ అడ్డం రాలేదు.

సీటెక్కే ముందు వెనక రేకు కింద చేయి పెట్టి చూశాను. వానలకు ముందు ఆయన కొట్టిన జిడ్డు వేళ్లకు అంటింది. అదే వాసన. మెటికతో తట్టాను, గట్టిగానే మోగింది. మా అత్త చెంబు పట్టుకుని వచ్చింది. నన్ను తిడుతుందనుకున్నాను. ఏమీ అనకుండా పసుపు నీళ్లు బండి ముందర, చక్రాల మీద, వెనక తలుపు మీద చల్లి పక్కకు తప్పుకుంది. ఉప్పు తేలేదు.

కట్ట మీద ఎంత నెమ్మదిగా నడిపానో నాకే తెలుసు. ప్రతి గుంతకూ నా ప్రాణం వెనక్కి పోయింది. నా కాళ్ల కింద అతికిన రేకు ఉంది. వెనక ఆయన ఉన్నాడు. ఒక్క చప్పుడు, ఒక్క ధన్‌మన్న మోత వినిపిస్తే చాలు, నేను అక్కడే చచ్చిపోయేదాన్ని. ఏ మోతా రాలేదు.

దింపుడు కల్లం దగ్గర ఇంజన్ బంద్ చేశాను. చెప్పులు విడిచి దిగాను. డప్పులవాళ్లకు చేయి చూపాల్సిన పని లేకపోయింది, వాళ్లే ఆపేశారు. ఆయన కొడుకు వంగి “బాపూ” అని మూడుసార్లు పిలిచాడు. వదినె పిలిచింది. ఆమె నా వైపు తిరిగింది.

“నువ్వు గూడ పిలువు. మేం పిలిస్తె ఎన్నడు లేసిండు? నీతోని కొట్లాడనీకన్న లేస్తడు.”

పక్కన కూర్చున్నాను. ముఖానికి పసుపు, ముక్కులో దూది, గుండెల మీద ఆ మెత్తటి చేతులు. అన్నా అని పిలిస్తే సరిపోదనిపించింది. చెవి దగ్గరికి వంగి అబద్ధం చెప్పాను.

“అన్నా, నీ బండికి తుప్పు పట్టింది. ఎన్క, పోయేటోళ్లు పండుకునే కాడ బొక్క పడ్డది. జల్ది లే.”

చెరువు మీది గాలి తప్ప చప్పుడు లేదు. తడతాయేమోనని ఆయన వేళ్లనే చూస్తూ రెండోసారి చెప్పాను. మూడోసారీ చెప్పాను. ఆ మాటకు కూడా ఆయన లేవలేదు. అప్పుడు నమ్మాను, మా అన్న పోయాడని.